లెక్క మారింది, బండ మారలేదు

మోత్కూర్‌లో ఏదన్నా సర్కారు బడికి పోండి. మూడో తరగతి పిల్లలను వరుసగా నిలబెట్టి ఒక్కసారి నవ్వమని అడగండి. పాలపళ్ళు ఊడి కొత్తగా వచ్చిన ముందరి పళ్ళు చూడండి. తెల్లగా, నున్నగా మెరుస్తున్నయా? లేకపోతే సుద్దముక్కతో గీసినట్టు అడ్డంగా తెల్ల చారలున్నయా? పసుపుపచ్చ, ఇటుకరంగు మచ్చలున్నయా? ఒక పంటి మీద ఉన్న మచ్చ దాని జోడు పంటి మీద కూడా అదే ఎత్తున కనిపిస్తే అది పాచి కాదు. తోమితే పోదు. అది నీళ్ళు రాసిన రాత.

ఎప్పుడు తాగిన నీళ్ళు? నిన్న మొన్న తాగినవి కాదు. ముందరి పళ్ళ మీది పింగాణీ పొర పిల్ల పుట్టిన మొదటి మూడు నాలుగేండ్లలోనే చిగురు కింద తయారవుతది. అప్పుడు ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువ పోతే ఆ పొర చెడుతది. పన్ను బయటికి వచ్చేది మాత్రం ఆరేడేండ్లకు. అంటే ఎనిమిదేండ్ల పిల్ల నవ్వితే కనపడేది ఆ పిల్ల తల్లి ఒడిలో ఉన్ననాటి ఇంటి బిందె. ఇయ్యాళ మూడో తరగతిలో ఉన్న పిల్లలు మిషన్ భగీరథ మొదలైనంక పుట్టినవాళ్ళు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ కోమటిబండలో ప్రధానమంత్రి నల్లా తిప్పినంక లోకం చూసినవాళ్ళు. ఆ పథకం ఫ్లోరైడ్‌ను నిజంగా ఎంత తరిమిందో చెప్పే సాక్షులు ఈ పిల్లలే. వాళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు.

అడగకుండానే తీర్పు వచ్చేసింది. 2015లో తెలంగాణలో 967 ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు ఉండెనని, 2020 నాటికి అవి సున్నా అయినయని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు లెక్క చెప్పింది. పేపర్లలో పెద్ద అక్షరాలు పడ్డయి. మేమూ సంబురపడ్డం. అబద్ధం ఎందుకు చెప్పాలె? నల్లగొండ గడ్డ మీద పుట్టినోడెవడైనా ఆ సున్నా చూసి సంబురపడకుండా ఉండడు. పొద్దు గడిచినంక ఆ సున్నాను మళ్ళొకసారి చదివినం. అది దేని లెక్క? సురక్షితమైన నీళ్ళు అందని ఊర్ల లెక్క. ఊరికి పైపు వచ్చి, ట్యాంకు నిండితే ఆ ఊరు జాబితా నుంచి పోతది. అంతవరకు సరే. కానీ ఊరి కింద ఉన్న బండ ఏ జాబితాలో ఉంది? ఎవుసం కాడి బోరు ఏ లెక్కలో ఉంది? ముప్పయేండ్లు అవే నీళ్ళు తాగి నడుము వంగిన మనిషి ఏ లెక్కలో ఉన్నడు? సున్నా అన్న అంకెకు ఒక గుణం ఉంది. అది పడ్డ కాడ ప్రశ్న ఆగిపోతది. మేము ఇప్పుడు రాస్తున్నది ఆ ఆగిపోయిన ప్రశ్న గురించే.

ముందుగాల బండ ముచ్చట చెప్పుకుందాం. మన కాళ్ళ కింద ఉన్నది గ్రానైటు. ప్రపంచంలో గ్రానైటు ఉన్న దేశాలు చాలా ఉన్నయి, మన గ్రానైటుకే ఎందుకీ శాపం? నల్లగొండ బండను పరీక్ష చేసిన భూగర్భ శాస్త్రవేత్తలు కిలో రాయిలో సగటున 1440 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉన్నదని తేల్చిన్రు. ప్రపంచ సగటు 810. ఆ మీద మన దిక్కు వాన తక్కువ, ఎండ ఎక్కువ. నేలలో సవుడు గుణం ఎక్కువ, నీళ్ళల్లో కాల్షియం తక్కువ. కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టి కింద కూర్చోబెడుతది. అది లేక సవుడు పెరిగితే రాయిలోని ఫ్లోరైడ్ కరిగి నీళ్ళలోకి దిగుతది. నీళ్ళు బండ పగుళ్ళలో ఎంతకాలం నిలిస్తే అంత ఎక్కువ దిగుతది. పైన ఉన్న బాయి నీళ్ళ కంటే లోతు బోరు నీళ్ళు ఎందుకు ప్రమాదమో ఇప్పుడు అర్థమైతది.

మన తాతలు బిక్కేరు వాగు ఇసుకలో చెలిమె తీసుకొని కడువ ముంచుకున్నరు. చెరువు కింద మోటబాయి నీళ్ళు తాగిన్రు. అవి ఏడాదికేడాది వానకు మారే నీళ్ళు. వాటితోని నారికురుపు వచ్చింది, కలరా వచ్చింది, అది నిజం. పాతకాలం అంతా బంగారమని మేము అనం. ఆ రోగాల నుంచి కాపాడాలని 1970ల నుంచి ఊరూరికి చేతిపంపులు దింపిన్రు. మంచి బుద్ధితోనే దింపిన్రు. నారికురుపు దేశం విడిచిపోయింది. కానీ బోరింగు దింపినోడు నీళ్ళు పడ్డయా లేదా అని చూసిండు గాని ఏ నీళ్ళు పడ్డయని చూడలేదు. తరువాత చెరువులు పూడినయి, బోర్లు వంద ఫీట్ల నుంచి వందల ఫీట్లకు పోయినయి. వాగుల ఇసుక లారీలెక్కి పోయింది. ఇసుక పోయినంక చెలిమె ఎక్కడిది?

ఫ్లోరైడ్ సంగతి ఎవరికీ తెలవక జరిగిందా? తెలవక కాదు. 1937లోనే నెల్లూరు దిక్కు పల్లెల్లో ఈ రోగాన్ని షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు గుర్తించి రాసిన్రు. 1940ల నాటికి నిజాం రాజ్యంలో కూడా దీని మీద విచారణ జరిగింది. 1955 డిసెంబర్‌లో ఎ.హెచ్.సిద్ధిఖీ అనే డాక్టరు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద రాసిన వ్యాసం లండన్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అచ్చేసింది. అదే నెల, డిసెంబర్ 10న, నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసిండు. ఒకే జిల్లా, ఒకే నెల. ఒక కాగితం ఈ జిల్లా మనుషుల ఎముకలు నీళ్ళతోని వంగిపోతున్నయని చెప్పింది. ఒక రాయి ఇదే జిల్లా నుంచి కృష్ణ నీళ్ళను కాలువల్లో పారించబోతున్నమని చెప్పింది. ఆ రెండు ముచ్చట్లు కలిపి చదివిన పాలకుడు అరవయ్యేండ్లు ఒక్కడూ పుట్టలేదు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పచ్చబడ్డయి. ఎత్తు మీద ఉన్న మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, దేవరకొండ నోరు తెరుచుకొనే ఉన్నయి.

ఇంకొక వింత వినండి. 1973 ప్రాంతంలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ డాక్టర్లు నల్లగొండ పిల్లల్లో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే రోగాన్ని చూసిన్రు. ఫ్లోరైడ్ ఉన్న ఇతర దేశాలలో అంతగా కనపడని వంకర ఇది. జొన్న తినే పేద ఇండ్లలో, మగపిల్లల్లో ఎక్కువగా కనిపించింది. సవుడు నేలలో పండిన జొన్నలో మాలిబ్డినం ఎక్కువ ఉన్నదని, అది ఒంట్లోని రాగిని బయటికి పంపుతున్నదని కనుక్కున్నరు. రిజర్వాయర్ ఊట వల్ల భూమిలో నీళ్ళు పైకి లేచి నేల గుణం మారిందేమో అని కూడా అనుమానపడ్డరు. నీళ్ళు వచ్చిన కాడ ఊట రోగం, రాని కాడ బోరు రోగం! మన జిల్లా నుదుటి రాత అట్ల ఉండె.

పేరు మాత్రం ప్రపంచమంతా మోగింది. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి తయారు చేసి దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పితే పటిక తెట్టు కట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగున కూర్చుంటది, పై నీళ్ళు వడబోసుకోవాలె. ఇంట్లో బకెట్లతో చేయొచ్చు, ఊరికి ప్లాంటు కట్టొచ్చు. ఇథియోపియా దాకా, టాంజానియా దాకా పోయింది ఈ పద్ధతి. అక్కడి ఇంజనీర్లకు నల్గొండ అంటే ఊరు కాదు, ఒక విద్య. మన దిక్కు ఎందుకు నిలబడలేదు? ప్రతి బోరు నీళ్ళకు పటిక పాళ్ళు వేరు. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే అల్యూమినియం మిగులుతది, నీళ్ళు వగరు పడతయి. అడుగున మిగిలిన బురదను ఎక్కడ పొయ్యాలె? పొద్దుగాల కూలికి పోయే తల్లి రోజూ పది నిమిషాలు బకెట్ తిప్పి గంట సేపు కూర్చుంటదా? ప్లాంటు కట్టినోడు రిబ్బన్ కత్తిరించి పోయిండు. పటిక తెచ్చేదెవరు, మోటర్ నడిపేదెవరు, పరీక్ష చేసేదెవరు అని ఎవరూ జీతం రాసిపెట్టలేదు. పద్ధతి తప్పు కాదు. పద్ధతిని ఊరి ఆడవాళ్ళ నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్నది తప్పు.

అందుకే జనం కృష్ణ నీళ్ళే కావాలన్నరు. జలసాధన సమితి దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలో 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలబడ్డరు. బ్యాలెట్ కాగితం పుస్తకమయింది. ఎన్నిక వాయిదా పడ్డది. దేశమంతా నల్లగొండ అంటే ఏందని అడిగింది. ఢిల్లీ ఏం చేసింది? అదే ఏడు డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. దాహమని అరిచినోడి నోరు ఖరీదు పెంచిన్రు. 2004లో హైదరాబాద్‌కు కృష్ణ నీళ్ళ మొదటి దశ వచ్చింది. అక్కంపల్లి నుంచి కోదండాపూర్‌లో శుద్ధి అయ్యి నసర్లపల్లి, గోడకొండ్ల మీదుగా పట్నం పోయింది ఆ పైపు. చింతపల్లి మండలం పిల్లలు పచ్చపళ్ళతోని ఆ పైపు మీద కూర్చొని ఆడుకున్నరు. తెలంగాణ ఎందుకు అని అడిగినోడికి ఆ పైపు చూపించినం. వేరే ఉపన్యాసం అవసరం పడలేదు.

ఇక్కడ మా తప్పు కూడా రాసుకోవాలె. ఉద్యమ వేదికల మీద ఫ్లోరోసిస్ బాధితులను కూర్చోబెట్టినం. శివన్నగూడెం అంశల స్వామిని దేశమంతా చూసింది. నాయకులు చూసిన్రు, కెమెరాలు చూసినయి. సభ అయిపోయినంక ఆ మనుషులను ఇంటికి తీసుకపోయింది వాళ్ళ అమ్మానాన్నలే. రాష్ట్రం వచ్చినంక స్వామి ఇంకా ఎనిమిదేండ్లకు పైగా బతికి 2023 జనవరిలో కన్నుమూసిండు. ఆయన బతికిన బతుకు మన నినాదానికి పనికొచ్చింది. మన నినాదం ఆయన బతుకుకు ఎంత పనికొచ్చిందో ఎవరి గుండె మీద వాళ్ళు చెయ్యేసుకొని చెప్పాలె.

మోత్కూర్ సంగతికి వద్దాం. మర్రిగూడ పేరు మోగినంత మా ఊరి పేరు ఎన్నడూ మోగలేదు. 2016లో జిల్లా ముక్కలై మేము యాదాద్రి భువనగిరిలోకి పోయినం, ఫ్లోరైడ్ అంటే నల్లగొండ జిల్లా ముచ్చట అన్నట్టయింది. బండకు జిల్లా హద్దు తెలుసా? తీవ్రంగా ఉన్న ఊరికి కనీసం పేరుంటది, పేపరోళ్ళు వస్తరు. మధ్యరకంగా ఉన్న ఊరికి ఎవరూ రారు. అక్కడ మనిషి వంగిపోడు, లేవలేడు. నలభయ్యేండ్లకే మోకాళ్ళు పట్టేస్తయి. వాతమంటరు, నరాల బలహీనత అంటరు, సూదులు పొడిపించుకుంటరు. నొప్పి గోలీలు మింగి కిడ్నీ మీదికి తెచ్చుకుంటరు. నీళ్ళ పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.

భగీరథ నీళ్ళు రాలేదని మేము అనం. వచ్చినయి. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లన్నది ఆ పథకం లెక్క, దేశంలో చాలా రాష్ట్రాలు కలలో కూడా అనుకోని లెక్క. నది నీళ్ళు ఇంటి నల్లాలో రావడం ఈ గడ్డ మీద చిన్న సంగతి కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేటోడు ఎన్నడూ బోరింగు కొట్టనోడు. మా ప్రశ్న వేరు. ఆ నీళ్ళు ఇంట్లో దేనికి వాడుతున్నరు? పొద్దంతా మనిషి ఎక్కడ ఉంటున్నడు?

నాటు వేసే ఆడమనిషి పొద్దుగాల ఏడింటికి పొలం పోతది. ఇంటి నుంచి తీసుకపోయిన సీసా పదింటికి ఖతం. ఆ తరువాత తాగేది బోరు మోటర్ పైపు కాడ దోసిలి పట్టి. ఎండలో పనిచేసే మనిషి ఐదారు లీటర్లు తాగుతడు. లీటరులో 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళు ఐదు లీటర్లు తాగితే 15 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోయినట్టు. అదే నీళ్ళు ఫ్యాను కింద కూర్చున్న ఉద్యోగి రెండు లీటర్లు తాగితే 6. లీటరుకు 1.5 దాటొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన దేశ ప్రమాణం అసలు 1 దాటొద్దంటది, వేరే దిక్కు లేకపోతేనే 1.5 దాకా ఓర్చుకొమ్మంటది. ఆ అంకె వెనక ఎవరో రెండు లీటర్లు తాగే మనిషి ఉన్నడు. మే నెలలో మోత్కూర్ మడిలో పనిచేసే మనిషి ఆ లెక్కలో లేడు. కాబట్టి మనకు అసలు హద్దు 1 అనే అనుకోవాలె.

నల్లా రెండు మూడు రోజులు బందయిన కాడ ఏమైతది? పైపు పగిలింది, మోటర్ కాలింది, కరెంటు లేదు. మాములే. మనిషి తిరిగి బోరు కాడికి పోతడు. ఎర్ర రంగు వేసి ఇది తాగొద్దు అని రాసిన పంపులు ఒకప్పుడు ఉండె. రంగు వెలిసిపోయింది. ఇప్పటి పిల్లలకు ఏ బోరు మంచిదో ఏది చెడ్డదో చెప్పేవాళ్ళు లేరు. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. తియ్యగా ఉన్న నీళ్ళు మంచివనుకునేది మన నాలుక చేసే మోసం.

కొన్ని ఇండ్లలో తాగడానికి నల్లా నీళ్ళు, వండడానికి బోరు నీళ్ళు. మరిగిస్తే పోతది గదా అంటరు. పోదు. క్రిములు చస్తయి గాని ఫ్లోరైడ్ ఆవిరి కాదు. నీళ్ళు ఇగిరినకొద్దీ చిక్కబడుతది. అన్నం, పప్పు ఆ నీళ్ళను పీల్చుకుంటయి. కుండలో పోస్తే పోదు, బట్టతో వడబోస్తే పోదు, క్యాండిల్ ఫిల్టర్‌తో పోదు. బడిలో మధ్యాహ్న భోజనం ఏ నీళ్ళతోని వండుతున్నరో ఏ తల్లిదండ్రుల కమిటీ అయినా ఒక్కరోజు పోయి చూసిందా? పిల్ల ఇంట్లో నది నీళ్ళు తాగి బడిలో బోరు పప్పు తింటే ఆ సున్నా ఏ గంగలో కలిసినట్టు?

ఇంకొక ముచ్చట, క్యాను నీళ్ళది. భగీరథ నీళ్ళు మందు వాసన వస్తున్నయని మోత్కూర్ దిక్కు కూడా ఇరవై లీటర్ల క్యాన్లు మోసుకుపోతున్నరు. ఆ ప్లాంటు కింద ఉన్నది కూడా బోరే. ఆర్వో యంత్రం బాగా పనిచేస్తే ఫ్లోరైడ్ తీస్తది, కాదనం. కాని దాని పొర పాతబడితే, రుచి కోసం బోరు నీళ్ళు కొన్ని కలిపితే తాగేటోడికి తెలిసే దారేది? దాంట్లో కాల్షియం కూడా పోతది, మనకు కావలసింది అదే. వడబోసి బయటికి విడిచే నీళ్ళలో ఫ్లోరైడ్ మరింత చిక్కగా ఉంటది. అది మోరీలో పోయి మళ్ళా భూమిలోకే ఇంకుతది. నల్లాలో నది నీళ్ళు వస్తుంటే వాటిని బాసండ్లకు వాడి, డబ్బులిచ్చి బోరు నీళ్ళు తాగడం మన కాలపు తెలివి. క్లోరిన్ వాసన రాత్రి బిందెలో పట్టి ఉంచితే పొద్దుటికి తగ్గుతది. ఫ్లోరైడ్ అట్ల పోదు.

ఒంట్లో ఏం జరుగుతదో తెలిస్తే భయం కాదు, జాగ్రత్త వస్తది. ఫ్లోరైడ్‌కు కాల్షియం అంటే ప్రేమ. అందుకే ఎముకలోకి పోయి కూర్చుంటది. ఎముక చూడడానికి గట్టిపడుతది, లోపల పెళుసవుతది. కీళ్ళ కాడి నరాలు, పట్టీలు కూడా ఎముక లెక్క గట్టిపడతయి. వెన్నుపూస లోపలి దారి ఇరుకై వెన్నుపామును ఒత్తితే కాళ్ళు చచ్చుబడతయి. అంతదాకా వచ్చినంక వెనక్కి తిప్పే మందు లేదు. ముందుగా పట్టుకోవడానికి మాత్రం ఖర్చు లేని పరీక్షలున్నయి. మోకాళ్ళు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ళ తీయగలుగుతున్నరా? గదుమ ఛాతీకి ఆనుతున్నదా? రెండు చేతులు తల వెనక్కి పెట్టి వేళ్ళు కలుపగలుగుతున్నరా? ముప్పై, నలభయ్యేండ్ల మనిషికి ఇవి చేతకాకపోతే వాతమని ఊరుకోవద్దు. తాగే నీళ్ళు, మూత్రం పరీక్ష చేయించాలె. ఊర్లో ఒకరికి ఉంటే అదే బోరు తాగిన అందరికీ చేయించాలె.

తిండితో రోగం పోతదని చెప్పేటోడిని నమ్మొద్దు. కాని తిండి కొంత అడ్డం పడుతది. కాల్షియం కడుపు నిండా ఉన్న మనిషి ఫ్లోరైడ్‌ను తక్కువ పీల్చుకుంటడు. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ఆకుకూరలు, ఉసిరికాయ, జామపండు కొత్త వస్తువులు కావు, మన ఇంటి చుట్టు ఉన్నవే. చింతపండు ముచ్చట మరీ విచిత్రం. జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 18 మంది మగపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు పెట్టి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ బయటికి పోవడం పెరిగిందని 2002లో రాసిన్రు. చిన్న పరీక్షే, దాన్ని పట్టుకొని పులుసే మందని మేము అనం. కాని పచ్చిపులుసును ఎక్కిరించేటోళ్ళకు చెప్పడానికి మాత్రం బాగుంటది. దానికి ఎదురుగా డికాక్షన్ ఛాయ్‌లో, వక్కలో, నల్ల ఉప్పులో ఫ్లోరైడ్ ఉంటది. రోజుకు ఆరు ఛాయ్‌లు తాగే మా హోటల్ మిత్రులు గమనించాలె, మేము కూడా. 2023లో సర్కారు బడుల్లో రాగి జావ మొదలుపెట్టిన్రు. మన జిల్లాలకు అది పోషకాహారమే కాదు, ఎముకకు కవచం. ఒక్క పూట కూడా ఆగొద్దు. చిన్నపిల్లలకు ఫ్లోరైడ్ పేస్టు శనగగింజ కంటే తక్కువ పెట్టి మింగకుండా చూడాలె. అమెరికాలో తక్కువున్న నీళ్ళలో లీటరుకు 0.7 దాకా ఫ్లోరైడ్ కలుపుతరు, పళ్ళు పుచ్చకుండా. ఆ దేశం మందు ఈ దేశంలో విషమైంది. పాళ్ళ తేడా అంతే.

వాన నీళ్ళలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. మన దిక్కు ఏడాదికి 700 మిల్లీమీటర్ల పైన పడుతది. 500 చదరపు అడుగుల స్లాబు మీద పడేది 30 వేల లీటర్ల పైన. మూడో వంతు వృథా పోయినా 20 వేలు మిగులుతది. ఐదుగురున్న ఇంటికి తాగను, వండను రోజుకు 30 లీటర్లనుకుంటే ఏడాదికి 11 వేలు చాలు. నిలువ చేసే ట్యాంకుకే పైసలు కావాలె. కాంట్రాక్టరుకు దీంట్లో పెద్ద బిల్లు లేదు, అందుకే ఏ నాయకుడూ దీనికి కొబ్బరికాయ కొట్టడు. బడి బిల్డింగు, పంచాయతీ బిల్డింగు మీద ముందుగాల కట్టితే నల్లా బందయిన మూడు రోజులు పిల్లలు బోరు కాడికి పోయే అవసరం ఉండదు. చెరువు నిండితే చుట్టున్న బోర్లలో చిక్కదనం పలచబడుతది. ఎవుసానికి పై నీళ్ళు రాకుంటే బోర్లు ఇంకా లోతుకు పోతయి. ఎస్సెల్బీసీ సొరంగం కోసం నల్లగొండ నలభయ్యేండ్లుగా ఎదురుచూస్తనే ఉన్నది. 2025 ఫిబ్రవరి 22న అదే సొరంగం కూలి ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకపోయిన్రు. ఎక్కడినుంచో పొట్టచేత పట్టుకొచ్చిన ఆ పరాయి రాష్ట్రాల బిడ్డల రుణం కూడా మన మీద ఉంది.

ఇక వంగిపోయిన మనుషులు. 2016 వికలాంగుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాసిన్రు. ఫ్లోరోసిస్ పేరు అందులో లేదు. కాళ్ళు, నడుము పనిచేయని వాళ్ళ ఖాతాలో శాతం లెక్క కట్టి సర్టిఫికెట్ ఇస్తరు. శాతం తక్కువ పడితే పింఛను లేదు. పడినా ఎందుకు వంగిండో ఆ కాగితం చెప్పదు. అందుకే రాష్ట్రంలో ఫ్లోరోసిస్ బాధితులు ఎంతమంది అని అడిగితే ఎవరి నోట కూడా ఒకటే అంకె రాదు. నీళ్ళ లెక్క సున్నా, మనుషుల లెక్క అసలు లేదు. చౌటుప్పల్‌లో ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం కడతమని 2016లో చెప్పిన్రు, స్థలం కూడా చూపించిన్రు. 2022 నవంబర్‌లో మునుగోడు ఉప ఎన్నిక వచ్చిందాకా అక్కడ ఇటుక మీద ఇటుక లేవలేదు. ఓట్లప్పుడు అందరికీ అది గుర్తొచ్చింది. ఢిల్లీ పార్టీ, హైదరాబాద్ పార్టీ ఒకరినొకరు తిట్టుకున్నరు. వంగిన నడుములు రెండు దిక్కులా చూసినయి.

ఉద్యోగ మిత్రులకు, విద్యార్థులకు మేము అడిగేది పెద్ద పనేం కాదు. సకల జనుల సమ్మె చేసినోళ్ళం, ఇది చేయలేమా? మోత్కూర్ మున్సిపాలిటీ, చుట్టున్న పల్లెల్లో ఉన్న బడుల్లో టీచర్లు ఒక రిజిస్టర్ తెరవండి. రెండో తరగతి నుంచి ఐదు దాకా ప్రతి పిల్ల ముందరి పళ్ళు పగటి వెలుతురులో చూసి, మచ్చ లేదు, తెల్ల చార, పసుపు చార, గుంటలు పడ్డయి అని నాలుగు ముక్కల్లో రాయండి. పక్కన ఆ పిల్ల ఏ ఊర్లో పెరిగింది, ఇంట్లో తాగేది ఏ నీళ్ళు, వండేది ఏ నీళ్ళు, బడిలో వండేది ఏ నీళ్ళు అని రాయండి. పిల్ల పేరు బయట పెట్టొద్దు, తోటి పిల్లల ముందు నోరు తెరిపించొద్దు. పచ్చపళ్ళ పిల్ల అని పేరుపడితే ఆ పిల్ల జన్మంతా చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతది. పెండ్లి కాడ దాకా వెంటాడుతది, మాకు తెలుసు. డిగ్రీ కాలేజీ పిల్లలు ఊరి బోర్లన్నిటి నీళ్ళు, పొలాల మీదివి కూడా, సీసాల్లో పట్టి రంగు మారే కిట్టుతో పరీక్ష చేసి, అనుమానమున్నవి ల్యాబుకు పంపి, దాటిన బోరుకు మళ్ళా ఎర్ర రంగు వేయండి. అంకె తెలుగులో పంపు మీదనే రాయండి. గ్రామసభలో చదవండి.

ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే తేలిపోతది. భగీరథ తరువాత పుట్టిన పిల్లల పళ్ళు వాళ్ళ అన్నల, అక్కల పళ్ళకంటే తెల్లగా ఉంటే ఆ సంగతి మేమే మొదటి పేజీలో అచ్చేస్తం, ఏ పార్టీకి పేరొచ్చినా సరే. మచ్చలు అట్లనే ఉంటే ఆ రిజిస్టర్ పట్టుకొని కలెక్టరేట్‌కు పోదాం. వచ్చే సోమవారం ప్రజావాణికి కాదు, ముందు లెక్క తీసినంక. బడులు తెరిచిన మొదటి వారంలో మొదలుపెడితే దసరా సెలవుల నాటికి మోత్కూర్ మండలం అయిపోతది.